పొయ్యి వెలిగించని ఉగాది

“ఈ ఉగాదికి నేను పొయ్యి ఎలిగించేది లేదు” అని నా సహధర్మచారిణి ప్రకటించిన ఉదయాన నేను బాల్కనీలో కూర్చుండి, ఒక పాత కావ్యానికి వ్యాఖ్య వ్రాసే పనిలో, పంక్తి దాటి పంక్తి దాటి సాగిపోతున్న ఒక దీర్ఘసమాసంతో పెనుగులాడుతున్నాను. అది లొంగుబాటుకు వచ్చిన దశలో ఈ మాట చెవిన పడింది. సమాసం మళ్ళీ తిరుగబడింది. నేను కలం మూసి లేచాను.

“ఒంట్లో బాగాలేదా?” అని అడిగాను.

“ఒంట్లో బాగుండాది. అందుకే చెప్తా ఉండా” అన్నది. “బాగలేనప్పుడు ఇట్ల చెప్పేదానికి ధైర్యం యాడొస్తుంది?”

ఆమె కోరిక విన్నవారికి అల్పంగా తోచవచ్చు. పండుగనాడు అందరితోపాటు మొదటి పంక్తిలో కూర్చుండి, పెనం మీదినుండి అప్పుడే దిగిన ఓళిగను నేతితో తినాలి. అంతే. ఓళిగ అంటే మరేమీ కాదు, బొబ్బట్టే. ఈ కన్నడ నగరంలో తరతరాలుగా కాపురమున్న మాబోటి తెలుగువారి నోట అది ఓళిగ. దాని విషయంలో మా ఇంట ఒక శాసనం అమలులో ఉన్నది. పెనం మీదినుండి అది నేరుగా విస్తరిలోకి దూకాలి. నడుమ ఎక్కడా విశ్రమించరాదు. ఆ శాసనాన్ని నడిపే భారం పెండ్లయిన నాటినుండి ఆమెది, అనుభవించే భారం నాది. నేను విస్తరి ముందు కూర్చుండి, “ఇంకొకటి! వేడిగా ఉన్నది!” అని పిలుపునిచ్చేవాణ్ణి. వంటింట్లోనుండి అది వచ్చేది. ఎట్లా వచ్చేదని నేనెన్నడూ విచారించలేదు. సూర్యుడు ఎట్లా వస్తున్నాడని ఎవరు విచారిస్తారు? ఆమె వచ్చి కూర్చునేసరికి పెనం చల్లారి ఉండేది, మేము కునికిపాట్లలో ఉండేవాళ్ళం, ఆమె పాలికి పూర్ణం బయటపడి చిరిగిన ఓళిగలు మిగిలి ఉండేవి.

ఈ వాదం పూర్తిగా వినకముందే మా కోడలు తన గదిలోనుండి ఫోనుతో సహా పరుగెత్తుకొని వచ్చింది. విజయవాడ పిల్ల. మేముండే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్లోనే ఒక కంప్యూటరు కంపెనీలో ఉద్యోగం. అత్తగారి ప్రకటనలో ఆమెకు తన విముక్తి కూడా కనిపించి ఉంటుంది.

“సూపర్ అత్తయ్యా! ఫెస్టివల్ మీల్స్ ఆర్డర్ పెట్టేద్దాం. మా టీమ్‌లో అందరూ అదే చేస్తారు. ఆకుతో సహా పంపిస్తారు.”

“ఆకు కూడానా?” అన్నాను.

“ఆకు, నెయ్యి, ఉప్పు, లాస్ట్‌లో తాంబూలం. మనం తినడం ఒక్కటే మామయ్యా.”

“ఆ శ్రమ మాత్రం మనకెందుకమ్మా? తినిపెట్టే మనిషిని కూడా పంపుతారేమో కనుక్కో.”

“ఆయన మాటలు పట్టించుకోవద్దులే నువ్వు” అన్నది మా ఆవిడ, ఫోను మీదికి వంగి. “ఓళిగలు ఉండాయా లేదా, అది సూడు ముందు.”

ఉన్నాయి. నానిన పెసరపప్పు కోసంబరి, పల్యమనే కూర, మామిడికాయ చిత్రాన్నం, వడ, పాయసం, సాంబారు, రసం, పెరుగు, అప్పడం, వీటన్నింటి మధ్య సింహాసనం మీద కూర్చున్నట్లుగా ఓళిగలు. చిన్న తెరమీద అవి బంగారు నాణెముల వలె మెరుస్తున్నవి. మా ఆవిడ కన్నులు అంతకంటె మెరిశాయి. ఒక్క అడ్డంకి మాత్రం మిగిలింది. ఆ అడ్డంకి హొసకోటెలో ఉన్నది.

హొసకోటెలో మా అక్క ఉంటుంది. నన్ను “రేయ్” అని పిలువగలిగిన మనిషి ఈ లోకంలో ఇప్పుడు ఆమె ఒక్కతే. సొంత ఇల్లు, క్రింద ఆమె, మేడమీద అద్దెకున్నవారు, రెంటికీ నడుమ మెట్ల మీద ఆమె ఆజ్ఞలు. ప్రతి ఉగాదికి మా ఇంటికి వస్తుంది. తమ్ముడింటికి వట్టి చేతులతో రాదు. ఒక స్టీలు డబ్బా నిండా ఓళిగలు, ఒక చిన్న క్యారియరులో ఆ ఓళిగలు చేసినందుకు గుర్తుగా ఓళిగ చారు, రెండూ మోసుకొస్తుంది. ఆ డబ్బాలోనివి మేము మరునాడు అక్కతో కలిసి పాలతో తింటాము. వాటి పలుచదనం, అంచుదాకా సమంగా పరచుకొన్న పూర్ణం, ఏలకుల పొడి పాళ్ళు నన్నెంతగా పరవశింపజేసేవంటే, ఏటేటా అక్క హస్తవాసిని కీర్తిస్తూ ఒక సీసపద్యం అల్లి, రాగయుక్తంగా చదివి వినిపించేవాణ్ణి. అక్క తల వంచుకొని వినేది. అది వినయమనుకున్నాను.

అటువంటి అక్కకు ఒక నియమం ఉన్నది: పండుగ పూట బయటి తిండి ముట్టదు. మా బంధువుల ఇంట ఒక పండుగనాటి భోజనంలో లడ్డు వడ్డించారు. ఒక తునక నోట వేసుకొని, “ఇది అంగడిదా?” అని అడిగింది. అవునన్నారు. విస్తరి మడిచి, మంచినీళ్ళు త్రాగి, లేచి పోయింది. ఆ ఇంటి ఇల్లాలు ఆ సంవత్సరమంతా ఏ పెండ్లికి పోయినా లడ్డు సంగతి ఆమెకంటె ముందే అక్కడికి చేరి ఉండేది. అదీగాక ఉగాదినాడు జరిగినది ఏడాది పొడుగునా జరుగుతుందన్న నమ్మకం ఒకటి మా వంశంలో బలంగా ఉన్నది.

“వదిన ఆకు ముందరనుంచి లేచిందంటే ఇంగ అయిపోయినట్లే” అన్నది మా ఆవిడ. “మళ్లా నా బతుకంతా పెనం కాడనే.”

కనుక కుట్ర అనివార్యమైనది. భోజనం ఇంట వండినదిగానే అక్క విస్తరిలోకి ప్రవేశించాలి. కుట్రదారులం ముగ్గురం: మా ఆవిడ, కోడలు, నేను. మా అబ్బాయిని చేర్చుకోలేదు. వాడు సత్యవ్రతుడని కాదు. మేనత్త కన్నులెత్తి చూస్తే అడగని ప్రశ్నలకు కూడ సమాధానాలు చెప్పేస్తాడు. అందువల్ల పండుగనాడు తలంటు కాగానే, “పండగ రోజు, రోడ్డు మీద జనం ఉంటారు, తొందరగా పో” అని వాణ్ణి కారెక్కించి, అత్తను తీసుకొని రమ్మని హొసకోటెకు పంపివేశాము.

ఉగాది పచ్చడి మాత్రం మా ఆవిడ స్వయంగా చేసింది. వేపపూవు, కొత్త చింతపండు, బెల్లం, మామిడికాయ ముక్కలు; ఏదీ పొయ్యి ఎక్కేది కాదు. “మాట తప్పినట్లు గాదు” అని తనకు తానే చెప్పుకొన్నది. దేవునికి ఆ పచ్చడీ, కొబ్బరికాయా, పండ్లూ నివేదించాము. ఈ విషయం స్పష్టంగా చెప్పవలసి ఉన్నది: మేము దేవుని వంచించలేదు. అంత సాహసం అక్క విషయంలోనే చేశాము.

క్రింద ద్వారం దగ్గరనుండి కావలివాడు ఇంటర్‌కమ్‌లో పిలిచాడు. “సార్, ఊట బందిదె.”

“మెల్లగా అనవయ్యా” అన్నాను, హొసకోటెకు వినిపిస్తుందేమో అన్నట్టు.

భోజనం వచ్చింది. ఎంత గంభీరంగా వచ్చింది! ఒక్కొక్క పదార్థానికి ఒక్కొక్క ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలకు మూతలు, మూతల మీద చీటీలు, అన్నింటినీ కలిపి పెద్ద అట్టపెట్టెలు. అరటియాకులు చాపచుట్టల వలె చుట్టి పంపారు. మందు గిన్నె ప్రమాణంలో ఉన్న ఒక చిట్టి డబ్బాలో ఉగాది పచ్చడి కూడ పంపారు. షడ్రుచులు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుని ఊపిరాడక ఉన్నట్లు కనిపించాయి. మా ఆవిడ దానిని జాలిగా చూసి ప్రక్కన పెట్టింది.

అప్పుడు కార్యక్రమం మొదలైంది. మా పెండ్లి నాడు చిక్కపేటలో కొని, అటక ఎక్కించి మరచిపోయిన ఇత్తడి గిన్నెలను ముందురోజే దించి తోమి ఉంచాము. డబ్బాలలోనివి వాటిలోకి మారుతున్నవి. సాంబారు ఇత్తడి గిన్నెలోకి దిగగానే దాని కులగోత్రాలు మారిపోయి, మా ఇంట పుట్టి పెరిగిన దానివలె కూర్చున్నది. ఖాళీ డబ్బాలను దాచే బాధ్యత నాపై పడింది. చెత్తబుట్ట లిఫ్టు ప్రక్కనే ఉంటుంది. అక్క లిఫ్టు దిగగానే మొదట దానినే చూస్తుంది. ఇంట్లో ఎవరూ తాకని చోటు ఒక్కటే ఉన్నది: నా పుస్తకాల బీరువా. నిఘంటువుల వెనుక ఆ డబ్బాలన్నింటినీ వరుసగా పేర్చాను. ఈనాటికీ ‘ర’కారాది పదాలు వెదుకుతుంటే రసం వాసన వస్తుంది.

“అత్తయ్యా, ఒక పెద్ద ప్రాబ్లమ్” అన్నది కోడలు, ఇల్లంతా ముక్కుతో పరీక్షించి. “వంట స్మెల్ లేదు. అగరుబత్తి స్మెల్, ఫ్లోర్ క్లీనర్ స్మెల్, అంతే. గుడికొచ్చినట్టుంది, పండక్కొచ్చినట్టు లేదు.”

నిజమే. ఉదయంనుండి వండిన ఇంటికి ఒక వాసన ఉంటుంది. అది గోడలకు పడుతుంది, కర్టెన్లకు పడుతుంది, వండిన మనిషి చెవుల వెనుక చేరుతుంది. దానిని ఎవరూ డబ్బాలో పంపలేరు.

“పోపు ఏస్తే సరిపోతుంది” అన్నది మా ఆవిడ. అని, నాలుక కరచుకొన్నది. “అయ్యో, పొయ్యి ఎలిగించనంటిని గదా!”

“ఇండక్షన్ మీద పెడదాం అత్తయ్యా. దాంట్లో మంటే రాదు. అది పొయ్యెట్లా అవుతుంది?”

ఇద్దరూ తీర్పు కోసం నా వైపు చూశారు. శాస్త్రాధ్యయనం చేసినందుకు జీవితంలో నాకు దక్కిన గౌరవాలలో ఇది మొదటిది. కాసేపు గడ్డం నిమిరి, అగ్ని లేనిది పొయ్యి కాజాలదని నిర్ణయించాను. ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు నూనెలో చిటపటలాడాయి. ఎందులో పోయడానికీ కాదు, కేవలం ఇంటి గౌరవార్థం పెట్టిన పోపు అది. కోడలు ఆ బాండీని రెండు చేతులా పట్టుకొని, ధూపం వేసినట్లు హాలంతా, పడకగదులంతా త్రిప్పింది. ముగ్గురం దగ్గాము. పిమ్మట మా ఆవిడ మోచేతికి కాస్త మైదాపిండి అద్దుకొని, కొంగు నడుముకు దోపి, నుదుటిమీద రెండు చుక్కల నీళ్ళు చల్లుకొని, గుమ్మాన్ని ఆనుకొని ఒక నిట్టూర్పు విడిచి చూసింది.

“ఎట్లుండాది?”

“కొంచెం ఎక్కువైంది” అన్నాను. “వండినప్పుడు నువ్వెన్నడూ ఇంతగా అలసిపోలేదు.”

అంతలో తలుపు గంట మ్రోగింది. పండుగ రోజు రోడ్డు మీద జనం ఉంటారన్నది మా అంచనా. నగరంలో సగం జనం ఊళ్ళకు పోయినందున రోడ్లు ఖాళీగా ఉన్నవన్నది యథార్థం. ఓళిగలు ఖాళీ చేసిన చివరి డబ్బా ఇంకా నా చేతిలోనే ఉన్నది. బీరువా వరకు పోయే వ్యవధి లేదు. దానిని ఉత్తరీయం క్రింద చంకలో ఇరికించుకొని, ద్వారం దగ్గరకు పోయి, కుడిచేయి మాత్రమే ఎత్తి అక్కకు నమస్కరించాను.

“ఏమప్పా, ఒంటి చేత్తో దండం పెడతా ఉండావు?”

“భుజం నొప్పి అక్కా.”

“ఊ” అన్నది అక్క. ఆ ఒక్క అక్షరానికి వ్యాఖ్య వ్రాయడం నా వల్ల కాదు.

డబ్బా, క్యారియరు ఉన్న సంచి మా అబ్బాయి చేతికిచ్చి, లోపలికి వచ్చి, వాసన చూసింది. “పోపు బాగా ఏగింది. దేనికేసినారు?”

ఈ ప్రశ్నను మేము ఊహించలేదు. మా ఆవిడ నా వైపు చూసింది; నేను కోడలి వైపు చూశాను; కోడలు ఫ్యాను వైపు చూసింది.

“అన్నిటికీ వదినా” అన్నది మా ఆవిడ.

ఆకులు పరచాము. ఆ సందడిలో నా చంకలోని డబ్బాను మెల్లగా కుర్చీ క్రిందికి జార్చాను. ఈసారి అందరం ఒకేసారి కూర్చుంటామని, గిన్నెలు మధ్యలో పెట్టుకొని ఎవరికి కావలసినది వారు వడ్డించుకొంటామని మా ఆవిడ ప్రకటించింది. పండుగనాడు అందరి సరసన ఆమె విస్తరి పడటం మా ఇంటికి కొత్త. ఆమె దానిమీద నీళ్ళు చల్లి, అరచేతితో తుడిచి, అంచులు సర్ది, మళ్ళీ తుడిచింది. ఇంకెవ్వరి ఆకునూ అంత ముద్దుగా తుడువలేదు.

“కూచో, కూచో. మంచిదే” అన్నది అక్క. “మరి ఓళిగలు ఎవురు కాలుస్తారు?”

“అన్నీ ముందే కాల్చి పెట్టినా.”

“పొద్దున్నే లేసినట్లుండావు.”

“తెల్లారకముందే వదినా” అన్నది మా ఆవిడ. మోచేతిమీది పిండి చూపించింది. అవసరం లేకపోయినా చూపించింది.

భోజనం చక్కగా సాగింది. అక్క కోసంబరి మెచ్చుకున్నది. పల్యంలో కొబ్బరి బాగా పడిందన్నది. చిత్రాన్నం మారు వేయించుకున్నది. ఒక్కొక్క ప్రశంసకు మా ఆవిడ, “ఏదో, చేతికొచ్చినట్లు చేసినా” అంటుంటే, కోడలు దగ్గు వచ్చినట్లు నటిస్తుంటే, నేను విస్తరిలోకి చూసుకుంటుంటే, మెల్లమెల్లగా మాకు ధైర్యం చిక్కింది. నేనైతే మరీ ముందుకు పోయి, సాంబారులో మా ఆవిడ చేతివాసన స్పష్టంగా తెలుస్తున్నదని అన్నాను. ఆమె బల్ల క్రింద నా కాలు త్రొక్కింది.

అప్పుడు అక్క తెల్లన్నం కొంచెం వడ్డించుకొని, మధ్యలో గుంట చేసి, “చారు పొయ్” అన్నది.

మా ఆవిడ ఇత్తడి గిన్నెలోనుండి పోసింది. అక్క కలుపుకొని ఒక్క ముద్ద నోట పెట్టుకొన్నది. నమిలింది. ఆగింది.

“ఇది టమోటా చారు.”

“ఔను వదినా.”

“ఓళిగ చారు యాడ?”

తెలియనివారి కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఓళిగల్లోకి పూర్ణం చేయాలంటే బ్యాళ్ళు, అంటే పప్పు, ఉడకబెట్టాలి. ఉడికిన బ్యాళ్ళను వారిస్తే చిక్కని నీరు దిగుతుంది. దానిని కట్టు అంటారు. ఆ కట్టులో కాస్త పూర్ణం, చింతపండు, మసాలా కలిపి కాచినదే ఓళిగ చారు. మా వారిలో ఓళిగ వండిన ఇంట ఈ చారు లేకుండా ఉండదు. దానిని వండాలని ఎవరూ సంకల్పించరు. అది ఓళిగల వెంట నీడవలె తానే పుడుతుంది. కనుకనే దానిని ఎవరూ తలచుకోరు, ఎవరూ ఆర్డరు పెట్టరు. మా కోడలి పుట్టింట బ్యాళ్ళ నీళ్ళు పారబోస్తారు. మా ఆవిడ పెండ్లయిన నాటినుండి ప్రతి ఉగాదికీ కాచిన చారును, వండని మొదటి ఉగాదినాడే మరచింది. నేను మరచితినని చెప్పుకోవడం అతిశయోక్తి. అది ఎట్లా వచ్చేదో నాకెన్నడు తెలుసు?

ముగ్గురం ఒకేసారి సమాధానమిచ్చాము.

“కుక్కర్లో ఏసినా వదినా, కట్టు మిగల్లేదు” అన్నది మా ఆవిడ.

“ఫ్రిజ్‌లో పెట్టాం పెద్దమ్మా!” అన్నది కోడలు.

“ఒలికిపోయింది” అన్నాను నేను.

అక్క మా ముగ్గురినీ వరుసగా చూసి, తీరికగా మా అబ్బాయి వైపు తిరిగింది.

“నువ్వు చెప్పప్పా. చారు కుక్కర్లో ఇగిరిపోయిందా, ఫ్రిజ్జులో ఉండాదా, ఒలికిపోయిందా?”

“నాకు తెలీదు అత్తా” అన్నాడు మా సత్యవ్రతుడు, వడ నములుతూ. “పొద్దున నేను బయల్దేరేటప్పుడు వంటింట్లో ఏమీ లేదు. అమ్మ పేపర్ చదువుతా ఉండింది.”

అక్క చేయి మెల్లగా విస్తరి పై అంచు మీదికి పోయింది. ఆకు మడిచే చేయి అక్కడికే పోతుంది. మా ఆవిడ తన విస్తరిలో అప్పటివరకు తాకకుండా చివరికని అట్టిపెట్టుకొన్న ఓళిగ వైపు చూస్తున్నది. ఊరికి పోయేవారిని చూసినట్లు చూస్తున్నది.

అక్క విస్తరి అంచు పట్టుకొని, మడవలేదు. తన దగ్గరకు ఇంకొంచెం లాక్కొన్నది.

“ఏమ్మే, ఇంత పెద్ద పనికి దిగినోళ్లు ఇంత చిన్న పని మర్చిపోతే ఎట్ల? ఓళిగలు అంగడివైనా చారు ఇంట్లోనే కాచుకోవాల్ల. గుప్పెడు బ్యాళ్లు ఉడకేసి, కట్టు వార్చి, అంగడి ఓళిగ ఒకటి అందులో పిసికి పోపేస్తే సరిపోయె. చారుండే ఇంట్లో ఓళిగ యాడిదని ఎవురూ అడగరు.”

ఆ ఉపదేశంలోని సాంకేతిక పరిపూర్ణత మాకు మెల్లగా అర్థమవుతున్నది. మొదట తేరుకొన్నది కోడలు.

“ఒక్క నిమిషం పెద్దమ్మా. ఈ టెక్నిక్ మీకెలా తెలుసు?”

అక్క మంచినీళ్ళు త్రాగింది. గ్లాసు క్రింద పెట్టింది. “మోకాళ్లు పొయ్యినాక నేను పెనం కాడ నిలబడేది యాడిది తల్లీ? మా బజార్లో ఓళిగలంగడి ఉండాది. శుద్ధంగా చేస్తాడు. డబ్బా ఇచ్చి పంపిస్తే నింపి పంపిస్తాడు. చారు మాత్రం నేనే కాస్తా.”

మా అబ్బాయి వంటింటి గట్టుమీద పెట్టిన సంచి వైపు అందరి చూపులూ తిరిగాయి. స్టీలు డబ్బా, దాని ప్రక్కన సాక్షిగా చిన్న క్యారియరు.

“అయితే అక్కా, నా పద్యాలు?” అన్నాను. నా గొంతు నాకే దీనంగా వినిపించింది. “నీ హస్తవాసిని గురించి ఏటేటా చెప్పిన సీసాలు?”

“వాటికేం, బాగుండాయి. పాపం, ఓళిగలు చేసినాయనకు చెందాల్సింది గదా అని, అంగడికి పోయి చదివి వినిపించినా. కన్నడాయన. అర్థం గాలేదన్నాడు. రాగం నచ్చి రెండు ఓళిగలు ఎక్కువేసినాడు.”

మా ఆవిడ ఫక్కున నవ్వింది. మోచేతి పిండిని కొంగుతో తుడిచేసింది. కోడలు నవ్వలేక బల్లమీద తల ఆన్చింది. నాకు మాత్రం శాస్త్రం వదల్లేదు.

“పండుగ పూట బయటి తిండి ముట్టనంటివే?”

“బయట కూచొని తినను. ఇంటికొచ్చి, ఇంటి గిన్నెలో పడి, ఇంటి మనిషి చేత్తో వడ్డిస్తే అది బయటిదెట్లవుతుంది? చదువుకున్నావు గదా, నువ్వే చెప్పు.”

అగ్ని లేని పొయ్యి పొయ్యి కాదని ఆ ఉదయమే తీర్పిచ్చినవాడికి ఇంకెక్కడి అధికారం?

“మరి ఆ లడ్డు సంగతి?”

“అది కంపు కొట్టె రా. కంపు కొడతా ఉండాదని మొగం మీద చెప్తే ఆయమ్మ ఏడుస్తుంది గదా. అంగడిదా అనడిగి లేచినా. మర్యాదగా ఉంటుందని.”

ఇంత జరిగినా అసలు విషయం మిగిలే ఉన్నది. అక్క తన విస్తరిలోని ఓళిగను వేలితో తాకి చూసింది. “సల్లగుండాది. ఓళిగ సల్లగా తినేదా? పెనం మీద ఎచ్చజేసి తెచ్చేదెవురు?”

ఆ మాట చెవిన పడగానే మా ఆవిడ లేచింది. ఆలోచించి లేవలేదు, ఆమె మోకాళ్ళు లేచాయి. కుర్చీ వెనుకకు జరిగింది. ఆమె విస్తరిలో ఓళిగ ఉన్నచోటే ఉన్నది. మళ్ళీ పెనం, మళ్ళీ మా పిలుపులు, మళ్ళీ చిరిగినవి.

అక్క ఆమె మణికట్టు పట్టుకొన్నది. “సుమ్నే కూచో. రేయ్, నువ్వు లెయ్.”

చుట్టూ చూశాను. ‘రేయ్’ నేనే.

“నాకు భుజం నొప్పి అక్కా...”

“డబ్బా కింద పెట్టినావు గదా, తగ్గింటుంది. పో.”

నేను వంటింటిలోకి నడిచాను. ఇంతకాలం ఆ గదిలో అతిథినే. పెనం ఎక్కడుందని అడిగితే కోడలు కూర్చున్నచోటినుండే దారి చెప్పింది. అట్లకాడ ఎక్కడుందని అడిగితే అది నా చేతిలోనే ఉన్నదని మా అబ్బాయి తెలియజేశాడు. “మామయ్యా, ఫ్లేమ్ సిమ్‌లో పెట్టండి!” “నెయ్యి మర్చిపోవద్దు నాన్నా!” “ఆ చారు గూడా ఎచ్చబెట్టు రా, క్యారియర్లో ఉండాది!” అన్ని దిక్కులనుండీ ఆజ్ఞలు. గ్యాసు త్రిప్పి, లైటరు నొక్కాను. నీలిమంట లేచింది. ఆ విధంగా మా ఆవిడ మాట నిలిచింది. ఆనాడు మా ఇంట పొయ్యి వెలిగించినది ఆమె కాదు.

మొదటి ఓళిగ నల్లబడింది. రెండవది త్రిప్పబోతే నడుమ విచ్చి పూర్ణం పెనానికి అంటుకొన్నది. మూడవది, ఏ పుణ్యమో, ఉబ్బి, చుట్టూ నెయ్యి బుడగలు కట్టి, నిండుగా దిగివచ్చింది. దానిని అట్లకాడ మీద ఎత్తుకొని, పసిబిడ్డను తెచ్చినట్లు తెచ్చి, అక్క విస్తరి దాటి, మా ఆవిడ విస్తరిలో వేశాను. ఆమె వేలు పెట్టి, “స్స్” అని వెనక్కు తీసింది. మళ్ళీ పెట్టి ఒక తునక త్రుంచి, నెయ్యి కారుతుండగా నోట వేసుకొని, కన్నులు మూసుకొన్నది. అక్క కూడ తినడం ఆపి ఆమెనే చూసింది.

“ఎట్లుండాది మే?”

మా ఆవిడ నమలడం పూర్తి చేసింది. కన్నులు తెరిచింది. నేనప్పటికే వంటింట్లోకి మళ్ళి, నల్లబడిన దానినీ చిరిగిన దానినీ నా పాలికని ఒక పళ్ళెంలోకి తీసి పెట్టుకొంటున్నాను. వెనుకనుండి పిలుపు వినిపించింది, మా ఇంట అందరికీ కంఠస్థమైన పిలుపు, మొట్టమొదటిసారి ఆమె గొంతులో:

“ఇంకొకటి! ఎచ్చగా ఉండాది!”

“వస్తున్నది” అని, పెనం మీద నెయ్యి వేశాను.